పేరు నిలుపుట రాజ్యధర్మము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1861 ఏప్రిల్ నుండి 1865 వఱకు ఉత్తర దక్షిణ రాష్ట్రముల నడుమ నాలుగు సంవత్సరములు సాగిన అంతర్యుద్ధములో తమ పూర్వులు ఏ పక్షమున నిలిచిరో, ఏ దళములో చేరిరో, ఎచ్చట గాయపడిరో, ఎచ్చట కన్నుమూసిరో తెలిసికొనవలెనని పాత కాగితములను పట్టుదలతో వెదకువారు ఆ దేశమున నేటికిని అసంఖ్యాకులు. యుద్ధము ముగిసి నూట అఱువది యేండ్లు నిండినను ఈ అన్వేషణ సన్నగిల్లలేదు సరిగదా, ఆ పత్రములలో అనేకమునకు ఛాయాప్రతులు సిద్ధమై ఇంట కూర్చుండియే చూచు సౌకర్యము కలిగిన పిమ్మట మఱింత విస్తరించినది. ఇది వట్టి వంశాభిమానమనియు, తీరిక గలవారి వ్యాసంగమనియు త్రోసిపుచ్చువారు కలరు. ఆ మాటతో నేను ఏకీభవింపజాలను.

ఒక రాజ్యము తన యుద్ధమునకై ఒక మనుష్యుని యౌవనమును, దేహమును, అవసరమైనచో ప్రాణమును గూడ తీసికొన్నపుడు, అతని పేరు మాసిపోకుండ నిలుపు ఋణము ఆ రాజ్యముపై పడుచున్నది. ఆ పేరును వెదకు సంతతిపైనను ఒక ఋణము కలదు: దొరకినదానిని దాచక, దానికి లేని వన్నెలు పెట్టక, ఉన్నదున్నట్లు లోకమునకు చెప్పుట. ఈ రెండు ఋణములు తీరినచోటనే సామాన్యుని చరిత్ర పుట్టుచున్నది. తీరనిచోట సేనాపతుల విగ్రహములు మాత్రమే మిగులుచున్నవి. అమెరికా అంతర్యుద్ధపు పత్రములు ఈ సత్యమును తేటతెల్లము చేయుచున్నవి గనుక, వానినిగూర్చి తెలుగు పాఠకులకు కొంత విపులముగా విన్నవింప దలచితిని.

ఆ యుద్ధములో మడసినవారి సంఖ్య 6,20,000 అని చిరకాలము చెప్పుకొనిరి. 2011లో జనాభా లెక్కలను తిరిగి పరిశీలించిన డేవిడ్ హాకర్ అను చరిత్రకారుడు అది సుమారు 7,50,000 వఱకు ఉండవచ్చునని అంచనా వేసెను. ఈ రెండు సంఖ్యల నడుమనున్న అంతరమే లక్షా ముప్పదివేలు. అంతమంది మనుష్యులు చనిపోయిరో లేదో గట్టిగా చెప్పలేనంతగా ఆనాటి లెక్క లోపించియుండెనన్న మాట. మృతులలో ఎక్కువమందిని చంపినవి తుపాకిగుండ్లు గావు, విరేచనములు, జ్వరములు మున్నగు రోగములు. సిపాయిల మెడలో పేరుబిళ్లలు వేయు ఆచారము ఆనాటి సైన్యములకు లేదు; ఘోరమైన దాడికి బయలుదేరుటకు ముందు తమ పేరును, ఊరును చీటిపై వ్రాసి కోటు వీపునకు గుచ్చుకొన్నవారు కలరని ఆ కాలపు సేనానులు వ్రాసిరి. పిమ్మట ఉత్తర సైన్యపు మృతులకై ఏర్పఱచిన జాతీయ శ్మశానవాటికలలో సుమారు పదింట నాలుగు సమాధులు పేరులేనివిగనే ఉండిపోయినవి.

ఈ అజ్ఞాతత్వముపై తిరుగబడిన ఇద్దఱు సామాన్యులను ఇచ్చట స్మరింపవలయును. జార్జియా రాష్ట్రములోని ఆండర్సన్‌విల్ చెఱసాలలో దక్షిణ ప్రభుత్వము పదునాలుగు నెలల కాలములో సుమారు 45,000 మంది ఉత్తర సైనికులను బంధించగా, వారిలో దాదాపు 13,000 మంది ఆకలిచేతను, రోగములచేతను మరణించిరి. అచ్చట బందీయైయున్న డోరెన్స్ అట్‌వాటర్ అను యువకునికి మృతుల జాబితా వ్రాయు గుమాస్తాపని అప్పగింపబడెను. ఆ జాబితా ఎన్నటికిని వారి ఇండ్లకు చేరదని శంకించి, అతడు రహస్యముగా రెండవ ప్రతిని వ్రాసికొని, కోటు లోపలి అస్తరులో దాచి విడుదలనాడు బయటికి తెచ్చెను. 1865 వేసవిలో అతడును, యుద్ధములో గాయపడినవారికి శుశ్రూష చేసి పేరుగాంచిన క్లారా బార్టన్ అను మహిళయు ఆండర్సన్‌విల్‌కు వెళ్లి ఆ పట్టిక సాయమున సమాధులకు పేర్లు పెట్టించిరి. అంతటి శ్మశానములో పేరు తెలియక మిగిలినవి సుమారు 460 మాత్రమే. ఆ పట్టిక తనదనియు, మృతుల బంధువులకు చేరవలసినదనియు పట్టుపట్టినందుకు అట్‌వాటర్‌ను సైనిక న్యాయస్థానము శిక్షించి చెఱలో పెట్టుట ఉత్తర ప్రభుత్వమునకు మాయని మచ్చ. 1866లో ఒక న్యూయార్కు పత్రిక ఆ పట్టికను ముద్రించినపుడు గాని వేలకొలది గృహములలో తల్లులకు, భార్యలకు నిరీక్షణ ముగియలేదు. బార్టన్ వాషింగ్టనులో నడపిన తప్పిపోయిన సైనికుల కార్యాలయమునకు 63,000కు పైగా ఉత్తరములు వచ్చెననియు, 22,000 మందికి పైగా జాడ తెలిసెననియు ఆమె తన నివేదికలో తెలిపెను. వారి కుటుంబములకు కబురు అందుటకు కారణము ఒక గుమాస్తా సాహసమును, ఒక స్త్రీ పట్టుదలయును గదా! ప్రభుత్వపు వ్యవస్థ పిమ్మట వచ్చినది.

ఆ వ్యవస్థ వచ్చిన తీరు గూడ తెలిసికొనదగినదే. యుద్ధకాలమున ప్రతి దళములోను రెండు నెలలకొకసారి హాజరుపట్టీలు వ్రాయబడుచుండెను. పెన్షనుకై అర్జీ వచ్చినపుడెల్ల గుమాస్తాలు ఈ పెద్ద పట్టీలను విప్పి, మడిచి, తిరిగి విప్పుచుండగా అవి మడతలవెంట చిరిగి శిథిలము కాజొచ్చినవి. 1880ల చివరినాళ్లలో ఆ పట్టీలను కాపాడు శాఖకు అధిపతియైన ఫ్రెడ్ ఎయిన్స్‌వర్త్ అను సైనిక వైద్యుడు, ప్రతి పట్టీలోను ప్రతి సిపాయి పేరున ఉన్న వివరమును విడివిడి కార్డులపై నకలు వ్రాయించి, ఒక్కొక్కని కార్డులను ఒక్కొక్క కవరులో చేర్పించెను. నేడు వాషింగ్టనులోని నేషనల్ ఆర్కైవ్స్‌లో వెదకువానికి మొదట అందునది ఈ కవరే. దానిపై పేరు, దళము, చేరిననాటి హోదా, విడిచిననాటి హోదా ఉండును. లోపల ఒక కార్డుపై వయస్సు, ఎత్తు, మేనిఛాయ, కన్నుల రంగు, జుట్టు రంగు, పుట్టిన ఊరు, చేయు వృత్తి. తక్కిన కార్డులపై రెండేసి నెలలకు ఒక్కటి చొప్పున హాజరని గాని, గైరుహాజరని గాని, ఆసుపత్రిలో ఉన్నాడని గాని, పట్టుబడినాడని గాని ఒక్కొక్క ముక్క. పోగొట్టిన తుపాకికిని, నీళ్లసీసాకును జీతములో ఎంత కోత పడెనో గూడ వానిలో ఉండును. ఛాయాచిత్రము తీయించుకొనుటకు స్తోమతు లేని సేద్యగాని రూపురేఖలు అతని మునిమనుమనికి ఈ కార్డువలన తెలియుచున్నవి.

అయితే ఆ కవరును చేరుటయే కష్టము. సైన్యములు రాష్ట్రములవారీగా కూర్పబడినవి గనుక, పూర్వుడు ఏ రాష్ట్రపు ఎన్నవ రెజిమెంటులో, ఏ కంపెనీలో పనిచేసెనో ముందు తెలియవలయును. జాన్ స్మిత్‌లు వందలకొలది ఉన్న దేశములో పేరు ఒక్కటియే దారి చూపదు. అందుచేత సమాధిరాతిపై చెక్కిన రెజిమెంటు సంఖ్య, కుటుంబపు బైబిలు మొదటి పుటలలోని జనన మరణ తేదీలు, ఊరి వార్తాపత్రికలోని మరణవార్త, అటకమీది ఉత్తరముల కట్ట ఒకదానితో ఒకటి సరిచూచుకొనవలసివచ్చును. 1890 జనాభా లెక్కల పుటలు అగ్నిప్రమాదమున దెబ్బతిని, పిమ్మట దాదాపు పూర్తిగ నశించినను, ఆ యేడే ఉత్తర సైన్యపు మాజీ సైనికులను, సైనికుల వితంతువులను ప్రత్యేకముగా లెక్కించిన పట్టికలలో, అక్షరక్రమమున కెంటకీ నడుమ నుండి చివరి రాష్ట్రము వఱకు గల భాగము మిగిలి, ఎందఱికో దారి చూపుచున్నది.

సేవాపత్రము సైనికుని చూపును. మనుష్యుని చూపునది పెన్షను ఫైలు. 1862 జూలై చట్టమువలన యుద్ధములో గాయపడి లేక రోగపడి పూర్తిగ అశక్తుడైన సాధారణ సిపాయికి నెలకు 8 డాలర్లు లభించెను. అతడు మరణించినచో అతని భార్యకు అంతే. 1890 చట్టము మఱింత ఉదారమై, తొంబది దినములు సేవచేసి గౌరవముగా విడుదలయైనవాడు పిమ్మట ఏ కారణముచేత అశక్తుడైనను, అది వాని దురలవాట్లవలన కలిగినది కానిచో, పెన్షనుకు అర్హుడని శాసించినది. మూడు నాలుగేండ్లలో పెన్షనుదారుల సంఖ్య పది లక్షలకు చేరువై, కేంద్ర ప్రభుత్వపు వ్యయములో దాదాపు నలువది శాతము వారికే చెల్లుచుండెను. పెన్షను కార్యాలయమునకై మాంట్‌గొమరీ మేగ్స్ అను సేనాని వాషింగ్టనులో కట్టించిన ఎఱ్ఱ ఇటుకల భవనము చుట్టును పన్నెండువందల అడుగుల పొడవున మట్టితో మలచి కాల్చిన సైనికుల ఊరేగింపు నేటికిని కనబడుచున్నది. అందు బండితోలు మనిషి యుద్ధమువలన విముక్తి పొందిన నల్లజాతి బానిసయే కావలెనని మేగ్స్ పట్టుబట్టి చెక్కించెను.

ఇంత ధనము వ్యయమగుచున్నందున ప్రభుత్వమునకు అనుమానమును అంతగా పెరిగెను. సందేహము తోచిన ప్రతి అర్జీకిని ప్రత్యేక విచారణాధికారిని ఊరికి పంపి, అర్జీదారుని, భార్యను, పొరుగువారిని, తోడిసైనికులను, చిన్ననాటి స్నేహితులను ప్రమాణముతో సాక్ష్యమిమ్మని అడిగిరి. నీవు ఎప్పుడు పుట్టితివి? ఎవరి యింట పెరిగితివి? నీ మొదటి భర్త ఎట్లు చనిపోయెను? నీ బిడ్డను ప్రసవమునాడు పట్టినది ఎవరు? వీనికి వచ్చిన జవాబులన్నియు కాగితముపైకి ఎక్కినవి. వ్రాయుట రానివారు అడుగున గుర్తు పెట్టిరి. సర్కారు మోసమును పట్టుకొనుటకై అడిగిన ఆ ప్రశ్నలే, వంద సంవత్సరముల పిమ్మట, చరిత్ర వ్రాయువాడు అడుగదలచిన ప్రశ్నలైనవి.

ఈ ఫైలుల విలువ ముఖ్యముగా బానిసత్వమునుండి వచ్చినవారి విషయమున తెలియును. 1860లో ఆ దేశమున సుమారు నలువది లక్షలమంది బానిసలుండిరి. 1850, 1860 సంవత్సరముల జనాభా లెక్కలలో వారికి ప్రత్యేక పట్టికలు కలవు. యజమాని పేరు క్రింద వయస్సు, ఆడ మగ భేదము, మేనిరంగు వరుసగా వ్రాయబడెను గాని, కొలదిచోట్ల దక్క, పేరు వ్రాయబడలేదు. వారి పేర్లు తొలిసారి జాతీయ జనాభా లెక్కలలో కనబడుట 1870లోనే. అంతకు పూర్వము ఏమి జరిగెనో తెలిసికొనగోరు నల్లజాతి కుటుంబమునకు ఆ సంవత్సరము దాటరాని గోడయై నిలుచుచున్నది. ఆ గోడకు గండి కొట్టు సాధనము సైనిక పత్రము.

1863 మేలో నల్లజాతి దళముల కార్యాలయము ఏర్పడెను. యుద్ధాంతమునకు మొత్తము సుమారు 1,79,000 మంది నల్లవారు ఉత్తర సైన్యములోను, సుమారు 19,000 మంది నౌకాదళములోను చేరిరి. వీరిలో దాదాపు నలువదివేలమంది మరణించిరి. తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు ఇచ్చు ప్రభుత్వము వీరికి 10 డాలర్లు కట్టి, అందులో 3 డాలర్లు బట్టలకని విఱిచి, 7 డాలర్లే చేతబెట్టెను. మసాచుసెట్స్ 54వ దళము ఆ తక్కువ జీతమును అవమానముగా నెంచి, ఒక్క డాలరును ముట్టకయే యుద్ధము చేసి, 1863 జూలై 18న వాగ్నర్ కోటపై దాడిలో రక్తము చిందించెను. 1864 జూన్‌లో గాని సమానవేతనపు చట్టము రాలేదు. సరిహద్దు రాష్ట్రములలో యజమాని ప్రభుత్వమునకు విధేయుడైనచో, సైన్యములో చేరిన అతని బానిసకుగాను 300 డాలర్ల వఱకు పరిహారము కోరవచ్చునని నియమము ఏర్పడెను. అందుచేత కొందఱు నల్ల సిపాయిల కవరులలో వారి కార్డులతోబాటు యజమాని దాఖలుచేసిన విముక్తిపత్రము, కొనుగోలు రసీదు, విధేయతాప్రమాణము కూడ దొరకుచున్నవి. స్వాతంత్ర్యమునకై తుపాకి పట్టిన మనిషి, అతనిని వస్తువుగా కొన్న కాగితము ఒకే కవరులో పక్కపక్కన పడియుండుట చూచినవాడు బానిసత్వమునుగూర్చి వేఱొక గ్రంథము చదువ పనిలేదు.

వితంతువుల ఫైలులు ఇంతకన్నను హృదయవిదారకములు. బానిసల వివాహములను దక్షిణ రాష్ట్రముల చట్టము గుర్తింపలేదు గనుక వారికి పెండ్లి పత్రములు లేవు. మఱి భర్త యుద్ధములో చనిపోయిన స్త్రీ తాను భార్యనని ఎట్లు రుజువు చేయవలయును? 1864 జూలై 4నాటి చట్టము దీనికి ఒక దారి తీసినది: ఆ యిద్దఱును కనీసము రెండు సంవత్సరములు భార్యాభర్తలమని చెప్పుకొని కలిసి జీవించిరని నమ్మదగిన సాక్షులు ప్రమాణము చేసినచో చాలును. అంతట తోటి బానిసలు, దాదులు, మతబోధకులు, ఒక్కొక్కప్పుడు పాత యజమానులును వచ్చి, ఏ తోటలో, ఎవరి సమక్షమున పెండ్లి జరిగెనో, ఎందఱు బిడ్డలు పుట్టిరో, ఎవరిని ఎవరికి అమ్మివేసిరో చెప్పిరి. బజారులో విడివిడిగా అమ్ముడుపోయిన కుటుంబములు, ఈ సాక్ష్యముల పుటలలో మరల ఒక్కచోట చేరినవి.

ఈ బాధ ప్రఖ్యాతులకును తప్పలేదు. అనేకమంది బానిసలను స్వయముగా స్వేచ్ఛాప్రాంతములకు దాటించి, యుద్ధములో నర్సుగాను, గూఢచారిణిగాను పనిచేసిన హేరియట్ టబ్‌మన్ భర్త నెల్సన్ డేవిస్ 8వ నల్లజాతి దళములో సిపాయి. అతడు చేరినపుడు వ్రాయించుకొన్న పేరు నెల్సన్ చార్లెస్. 1888లో అతడు మరణింపగా, నెల్సన్ చార్లెస్, నెల్సన్ డేవిస్ ఒక్కడేయని ఆమె సాక్షులతో రుజువు చేయవలసివచ్చెను. 1895లో గాని నెలకు 8 డాలర్ల వితంతు పెన్షను మంజూరు కాలేదు. ఆమె స్వయముగా చేసిన సేవను పురస్కరించుకొని 1899లో కాంగ్రెసు దానిని 20 డాలర్లకు పెంచెను. దేశమంతయు ఎఱిగిన ఆమెకే ఇంత శ్రమయైనపుడు, పేరు తెలియని సిపాయి భార్య గతి ఏమై యుండునో ఊహింపవచ్చును.

ఆ టబ్‌మన్ పేరుతోనే ముడివడియున్న ఒక ఘట్టము ఈ అన్వేషణ ఎంతటి ఫలము నీయగలదో చూపుచున్నది. 1863 జూన్ 1వ తేదీ రాత్రి దక్షిణ కరోలినాలోని కంబీ నదిలోకి కర్నల్ మాంట్‌గొమరీ నాయకత్వమున ఉత్తర సైన్యపు పడవలు బయలుదేరి, మఱునాడు వరిపొలముల నుండి ఏడువందలకు పైగా బానిసలను విడిపించి తెచ్చినవి. సిపాయిలు 2వ దక్షిణ కరోలినా నల్లజాతి దళమువారు. దారి ఎఱిగిన గూఢచారిణి టబ్‌మన్. ఈ కథ చిరకాలము ఆమె ఒక్కతె పేరనే నడచినది. పడవ ఎక్కిన ఆ వందలమంది పేర్లు చెప్పగలవారు లేకపోయిరి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ చరిత్రాచార్యురాలు ఎడ్డా ఫీల్డ్స్-బ్లాక్ ఆ దళమువారి పెన్షను ఫైలులను వరుసగా చదివి, సాక్ష్యములను భూస్వాముల వీలునామాలతోను, విక్రయపత్రములతోను సరిచూచి, ఆనాడు విడుదలయైనవారిలో అనేకుల పేర్లను, బంధుత్వములను, పిమ్మటి జీవితములను వెలికి దీసెను. ఆ దాడిలో పాల్గొన్న సైనికులలో ఆమె పూర్వీకుడును ఒకడు. ఈ పరిశోధనతో ఆమె వ్రాయగా 2024లో వెలువడిన గ్రంథమునకు మఱుసటి యేట పులిట్జరు బహుమానము లభించినది. తన వంశములోని ఒక్కని జాడతోబాటు ఈ విదుషీమణి ఒక ప్రాంతపు జనమునకంతటికిని చరిత్ర నిచ్చినది. వంశాభిమానము సత్యాన్వేషణమైనపుడు పొందు ఫలమిదియే.

అవతలి పక్షపు సంగతి మఱియొకటి. బానిసత్వమును నిలుపుకొనుటకై వేఱుపడిన దక్షిణ రాష్ట్రముల సైనికులకు కేంద్ర ప్రభుత్వము పెన్షను ఇయ్యలేదు; ఆయా రాష్ట్రములే పిమ్మట ఇచ్చినవి గనుక వారి అర్జీలు ఆయా రాష్ట్రముల పత్రాలయములలో కలవు. ఓడిన ప్రభుత్వపు సైనిక పత్రములను యుద్ధాంతమున ఉత్తరమువారు వశపఱచుకొని, తగులబెట్టక భద్రపఱచి, వానినుండి ఆ సిపాయిలకును కార్డులు వ్రాయించిరి. ప్రత్యర్థి సైనికుని పేరును గూడ నిలుపుట ప్రశంసింపదగిన ధర్మము. కాని పేరును నిలుపుట వేఱు, పక్షమును సమర్థించుట వేఱు. తన ముత్తాత దక్షిణ సైన్యములో పోరాడెనని తెలిసిన మనుమడు అతని ఆకలిని, గాయములను తలచి కంట తడి పెట్టవచ్చును. కాని ఆ సైన్యము ఎందుకు పోరాడెనో దాచుటకు అతనికి హక్కు లేదు. మిసిసిపీ 1888 నుండియు, టెనెసీ, దక్షిణ కరోలినా, వర్జీనియా 1920లలోను, యజమానులవెంట యుద్ధమునకు పోయి వంట వండిన, గుఱ్ఱములు మేపిన బానిసలకు కొంచెము పెన్షను ఇచ్చినవి. ఆ అర్జీలను చూపి, నల్లవారు వేలకొలదిగా దక్షిణ సైన్యములో స్వచ్ఛందముగా తుపాకి పట్టిరని ప్రచారము చేయువారు నేటికిని కలరు. నల్లవారిని సిపాయిలుగా చేర్చుకొనుటకు దక్షిణ కాంగ్రెసు ఒప్పుకొన్నది 1865 మార్చి 13న, యుద్ధము ముగియుటకు నెలముందు మాత్రమే. అర్జీలో సేవకుడని స్పష్టముగా వ్రాసియుండగా సైనికుడని చదువుట పూర్వుల గౌరవము కాదు, పూర్వులపై అబద్ధము.

ఒక్కొక్కసారి ఒకే మనిషి రెండు పక్షములలోను దొరకుచున్నాడు. అంతర్యుద్ధపు పెన్షను పొందుచుండిన చివరి వ్యక్తి, ఒక సైనికుని కుమార్తె, 2020 మేలో ఉత్తర కరోలినాలో తొంబదేండ్ల వయసున మరణించెను. ఆమెకు నెలకు ముట్టినది 73 డాలర్ల 13 సెంట్లు. ఆమె పుట్టునాటికి తండ్రికి ఎనుబదిమూడేండ్లు. అతడు తొలుత దక్షిణ సైన్యములో చేరి, గెటిస్‌బర్గు దారిలో జబ్బుపడి ఆసుపత్రిలో ఉండిపోయి, అచ్చటినుండి పారిపోయి, మఱుసటి యేట ఉత్తర సైన్యములో చేరెను. అతడు వెనుకబడిన ఆ రెజిమెంటు గెటిస్‌బర్గు పోరులో నాలుగింట మూడు వంతులకు పైగా నష్టపోయినది. ఇతనిని ద్రోహి యనవలెనా, వివేకి యనవలెనా? కార్డు ఆ తీర్పు చెప్పదు. తేదీలను మాత్రము చెప్పును. తీర్పునకు తొందరపడకుండ తేదీలను గౌరవించుట నేర్చుటయే ఈ అన్వేషణలోని శిక్షణము.

మానిన గాయములను రేపుట యేల యని కొందఱు ప్రశ్నింతురు. గాయము మానినదో, పైకి చర్మము కప్పబడినదో విప్పి చూడక తెలియదు. ప్రభుత్వపు గుమాస్తాలు వ్రాసినదే సత్యమా యని మఱికొందఱు అడుగుదురు. ఈ ఆక్షేపణ బలమైనది. విచారణాధికారులలో అత్యధికులు తెల్లవారు; నల్లవారి మాటను వారు తమ మాటలలో కుదించి వ్రాసిరి; నల్లవారి అర్జీలు తెల్లవారి అర్జీలకన్న ఎక్కువగా తిరస్కరింపబడినవి. అయినను పక్షపాతముతో వ్రాసిన కాగితమును ఎదిరించుటకు మఱియొక కాగితము కావలయును గాని, కాగితమే లేకపోయినచో ఎదిరించుటకు ఆధారమే ఉండదు. వాషింగ్టనులో నల్లజాతి సైనికుల స్మారకచిహ్నము 1998లో నెలకొల్పబడినపుడు దాని చుట్టును గోడలపై 2,09,145 పేర్లు చెక్కగలిగిరనగా, దానికి మూలము ఈ కవరులే.

ఇక మన సంగతి. ఆ యుద్ధము మనకు పూర్తిగా పరాయిది కాదు. దక్షిణపు రేవులను ఉత్తర నౌకాదళము దిగ్బంధించి ఇంగ్లండులోని లాంకషైరు మిల్లులకు అమెరికా ప్రత్తి అందకుండ చేయగా, బళ్ళారి, కర్నూలు, గుంటూరు ప్రాంతముల నల్లరేగడి ప్రత్తికి హఠాత్తుగా ధర పలికెను. రైతుకు నాలుగు రాళ్లు చేతబడినవి, నేతగానికి నూలు కొనుట భారమైనది. యుద్ధము ముగియగనే ధర పడిపోయెను. ఆనాటి సర్కారు లెక్కలలో ఎగుమతియైన ప్రత్తి తూకము కలదు గాని, పండించినవాని పేరు, మగ్గము మూసికొన్నవాని పేరు లేవు.

పిమ్మటి కాలపు మన సైనికుల విషయమున ఈ లోపమును సవరించు అవకాశము ఇంకను మన చేతిలో ఉన్నది. పశ్చిమ గోదావరిలోని మాధవరము తరతరములుగా సైనికులను పంపుచు మిలిటరీ మాధవరమనియే పేరుపొందినది. అట్టి ఊళ్లలో రెండు ప్రపంచయుద్ధములకు పోయినవారి మనుమలు, మునిమనుమలు ఇంకను ఉన్నారు. మొదటి యుద్ధపు పతకముల అంచున సైనికుని సంఖ్య, పేరు, దళము చెక్కబడియుండునని ఎఱుగక, పతకమును కరగించుకొన్న కుటుంబములు ఎన్నియో! స్వాతంత్ర్య సమరయోధులకు భారత ప్రభుత్వము 1972లో పెన్షను ఏర్పఱచినపుడు, జైలు రికార్డు దొరకనివారు తోడిఖైదీల ధ్రువపత్రములు తేవలసివచ్చెను. హైదరాబాదు సంస్థానము భారతదేశములో విలీనము కావలెనని సరిహద్దు శిబిరములనుండి పోరాడినవారును ఇట్టి సాక్ష్యములతోనే అర్జీలు పెట్టుకొనిరి. ఎవరు ఎవరితో చెఱలో ఉండిరి, ఎవరు ఎవరికి అన్నము పెట్టి దాచిరి, ఏ ఊరు ఎప్పుడు తగులబడెను అను వివరములు ఆ ఫైలులలో ఉండక తప్పదు. కంబీ నదీతీరపు జనమునకు పెన్షను ఫైలులు ఏమి చేసినవో, మన పల్లెలకు ఈ ఫైలులు అదియే చేయగలవు.

కావున తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములు మూడు పనులు వెంటనే చేయవలయును. పెన్షనుదారుడు మరణించినంతనే ఫైలును చెత్తకు పంపు అలవాటు ఎచ్చట ఉన్నను దానిని ఆపి, ఆ ఫైలులను కలెక్టరేట్లనుండి సేకరించి రాష్ట్ర పత్రాలయములకు చేర్పవలయును. వానికి ఊరివారీగా, పేరువారీగా తెలుగులో సూచికలు వ్రాయించవలయును. బ్రతికియున్నవారి గోప్యమునకు భంగము కలుగని గడువు నిర్ణయించి, ఆపై పల్లెటూరి విద్యార్థి సైతము అర్జీతో, స్వల్పరుసుముతో నకలు పొందునట్లు తలుపులు తెఱవవలయును. ఇందుకు కోట్లు అక్కఱలేదు. ఎయిన్స్‌వర్త్ వినియోగించినవి కార్డులును, గుమాస్తాల ఓపికయును. కుటుంబములవారు తమవంతుగా గోడమీది పటము వెనుక తాతగారి పేరును, సంఖ్యను, దళమును వ్రాసిపెట్టవలయును. డిశ్చార్జి పుస్తకమునకు నకలు తీయించవలయును. ఇంటి పెద్దలు చెప్పినదానిని, అది కీర్తి తెచ్చినను తేకున్నను, చెప్పినట్లే వ్రాసికొనవలయును. అట్‌వాటర్ తాను బ్రతుకుదునో లేదో తెలియని చెఱసాలలో కూర్చుండి పండ్రెండువేలకు పైగా పేర్లకు నకలు వ్రాసెను. నీడను కూర్చున్న స్వతంత్ర ప్రభుత్వము తన సైనికుల పేర్లకు నకలు వ్రాయించలేననుట చెల్లదు.